ఏమీ వేయని పోపు

మా అమ్మాయి పదో తరగతి. ఆ సాయంత్రం హోంవర్క్‌లో ఒక్క లెక్క మిగిలింది. నాలుగు అక్షరాలున్న సమితి ఇచ్చి, దాని ఉపసమితులన్నీ రాయమన్నారు. వంటింటి గట్టు పక్కన ఎత్తు స్టూలెక్కి కూర్చుని రాసుకుంటోంది. నేను వంకాయలు తరుగుతున్నాను. అత్తయ్య కుక్కర్ విజిళ్లు లెక్కపెడుతున్నారు. కాసేపటికి పెన్ను చప్పుడు ఆగింది.

"అమ్మా, వెనకాల జవాబు పదహారని ఉంది. నాకు పదిహేనే వస్తున్నాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదిహేనే."

ఏది వదిలేసిందో పుస్తకం చూడకుండానే చెప్పగలను. ముప్పై ఏళ్ల కిందట నేనూ అదే వదిలేశాను. అప్పట్లో మా పదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠమే 'ప్రవచనాలు - సమితులు'. యూనిట్ పరీక్షలో మూడు మూలకాల సమితి ఇస్తే ఏడు ఉపసమితులు రాసి, ఎనిమిదోది తట్టక, ఏడే ఉన్నాయని ధైర్యంగా గీత గీసేశాను. మాస్టారు ఆ గీత కింద ఎర్ర సిరాతో రెండు ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టారు. వాటి మధ్య ఏమీ రాయలేదు. పక్కన ఒక మార్కు తగ్గించారు. ఏమీ లేనిదానికి ఒక మార్కా అని నాకు ఏడుపొచ్చింది. ఎందుకని అడిగితే, "శూన్య సమితి ప్రతి సమితికీ ఉపసమితి, అది అంతే, రాసుకో" అన్నారు. రాసుకున్నాను. పబ్లిక్ పరీక్షలో మార్కు పోలేదు కూడా. కానీ నమ్మలేదు. దేవుడి పటం ముందు అలవాటుగా దణ్ణం పెట్టినట్టు ఆ వాక్యం అప్పజెప్పానంతే.

ఇప్పుడు అదే ఖాళీ మా అమ్మాయి ముందుకు వచ్చి కూర్చుంది. "అది అంతే, రాసుకో" అనడానికి నాకు నోరు రాలేదు.

ఈలోగా అత్తయ్య, "సమితంటే సమితి ఆఫీసేనా? ఇంకా పాఠాల్లో పెడుతున్నారా?" అన్నారు. ఆవిడకు సమితి అంటే పంచాయతీ సమితి. మండలాలు రాకముందు వాళ్ల ఊళ్లో సమితి ప్రెసిడెంటంటే పెద్ద మనిషి, సమితి జీపు వస్తే పిల్లలంతా దుమ్ములో దాని వెంట పరుగు. మా అమ్మాయికి 'సమితి' అన్న మాటే తెలియదు, అది 'సెట్' అంటుంది. మధ్యలో నేను. ఒకే వంటింట్లో ముగ్గురికీ మూడు రకాల సమితులు.

ఆ మాట మీద నాకు కొంచెం అభిమానం ఉంది, ఒప్పుకుంటాను. కూడి ఉండడం అన్న అర్థం దాంట్లో వేదకాలం నుంచీ ఉంది. సభ, సమితి అని జంటగా వినబడుతుంది. లెక్కల సమితిలో మాత్రం కూడేవాళ్లకు ఒకరితో ఒకరికి పోలిక ఉండక్కర్లేదు. ఒక వంకాయ, చార్మినార్, పదిహేడు అన్న సంఖ్య, ఈ మూడూ కలిసి సమితి అంటే సమితే. ఏది లోపల ఉందో, ఏది బయట ఉందో తేల్చి చెప్పగలగాలి, అంతే షరతు. 'మంచి సినిమాలు' సమితి కాదు. మా ఇంట్లో దాని మీద ఏ ఆదివారమూ తీర్మానం కుదరలేదు.

పిల్లలు ఈ పాఠంలో తడబడేదంతా ఒక చిన్న ప్రత్యయం దగ్గరని నా అనుమానం. 'లో'. "ఆవాలు పోపుల డబ్బాలో ఉన్నాయి" అంటాం. "సికింద్రాబాద్ తెలంగాణలో ఉంది" అంటాం. "మా అమ్మాయి పదో తరగతిలో ఉంది" అంటాం. అన్నిటికీ ఒకటే 'లో'. మన వ్యాకరణం కూడా 'కి, కు, యొక్క, లో, లోపల' అని అన్నిటినీ ఒకే షష్ఠీ విభక్తి కింద కట్టేసింది. చెందడమూ, లోపల ఉండడమూ ఒకే మూటలో పడ్డాయి. గణితం ఆ మూట విప్పి రెండుగా పెడుతుంది. ఒకటి 'చెందడం', అది మూలకానికి. రెండోది 'ఇమిడి ఉండడం', అది ఉపసమితికి. రెంటికీ గుర్తులు వేరు. ఆ తేడా పట్టుబడకపోతే మిగతా పాఠమంతా బట్టీయే.

తేడా చూపించడానికి ఐక్యరాజ్య సమితి బాగా పనికొస్తుంది. పేరులోనే సమితి ఉంది మరి. దాంట్లో సభ్యులు 193. ఆ 193లో భారతదేశం ఒకటి. నేను భారతదేశానికి చెందినదాన్ని. అయితే నేను ఐక్యరాజ్య సమితిలో సభ్యురాలినా? కాదు. అక్కడి మూలకాలు దేశాలు, మనుషులు కాదు. నేను దేశానికి చెందుతాను, దేశం సమితికి చెందుతుంది, అయినా నేను సమితికి చెందను. చెందడం మెట్టు దాటి పైకి ఎక్కదు. ఇమడడం అలా కాదు. దక్షిణాసియా సభ్య దేశాలను ఒక గుంపుగా తీస్తే అది ఆసియా సభ్య దేశాల గుంపులో ఇమిడి ఉంటుంది, ఆసియా గుంపు 193లో ఇమిడి ఉంటుంది, కాబట్టి దక్షిణాసియా గుంపూ 193లో ఇమిడే ఉంటుంది. ఇక్కడ మెట్లు చకచకా ఎక్కేయొచ్చు.

ఇదంతా చెబితే మా అమ్మాయి ఓపిగ్గా విని, "సరే, నా పదహారోది ఏదీ?" అంది.

చెయ్యి తుడుచుకుని పోపుల డబ్బా తీసి దాని ముందు పెట్టాను. స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, పసుపు. ఇంగువకూ కరివేపాకుకూ దాంట్లో చోటు లేదు, అవి వేరే.

"ఇది సమితి. ఇందులో మూలకాలెన్ని?"

"ఏడు."

"పులిహోర పోపులో ఏమేం పడతాయి?"

ఆ జవాబు దానికంటే ముందు అత్తయ్యే చెప్పారు. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, పసుపు. అది ఒక ఉపసమితి. చారుకు ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి. అది ఇంకో ఉపసమితి. డబ్బా ఒకటే, ఏ కూరకు ఆ పోపు. ఆవాలు దినుసు. ఆవాలొక్కటే వేసినది పోపు. రెంటిలోనూ ఉన్నవి ఆవాలే అయినా జాతి వేరు. మూలకానికీ, ఆ మూలకం ఒక్కటే ఉన్న ఉపసమితికీ తేడా ఏమిటని మా రోజుల్లో మేమంతా తలలు పట్టుకున్నది దీనికే. బ్రాకెట్లు పెడితే పోపు, పెట్టకపోతే దినుసు.

అత్తయ్యకు మాత్రం ఒక అభ్యంతరం. "జీలకర్ర ముందు వేసి ఆవాలు తర్వాత వేస్తే మాడి చస్తుంది. వరస ఉండొద్దూ?" నిజమే. వంటకు వరస ఉంది, కొలత ఉంది. సమితికి ఆ రెండూ పట్టవు. ముందు ఏది, వెనక ఏది అని అడగదు, చిటికెడా చెంచాడా అని కూడా అడగదు. ఒక్క ప్రశ్నే అడుగుతుంది: పడిందా, లేదా? సమితి చెప్పినట్టు వండితే ఎవరూ తినలేరు.

కానీ ఆ ఒక్క ప్రశ్నలోనే లెక్కంతా ఉంది. మూకుడు వేడెక్కింది, డబ్బా మూత తీశారు. ఆవాలు వెయ్యాలా వద్దా? రెండు దారులు. ఏది ఎంచుకున్నా, తర్వాత జీలకర్ర వెయ్యాలా వద్దా? మళ్లీ రెండు, అంటే నాలుగు. మెంతులు? ఎనిమిది. అలా ఏడు గిన్నెల దగ్గరా ఆగి ఏడుసార్లు అడిగితే రెండును ఏడుసార్లు హెచ్చించినట్టు. నూట ఇరవై ఎనిమిది పోపులు. వాటిలో చాలావాటిని ఏ ఇంట్లోనూ పెట్టరు. మెంతులూ పసుపూ మాత్రమే వేసిన పోపు ఎవరు తింటారు? అయినా లెక్కలో అదీ ఒకటే.

"ఇప్పుడు చెప్పు. ఆవాలు వద్దు, జీలకర్ర వద్దు, మెంతులు వద్దు, ఏడింటికీ వద్దన్నామనుకో. ఏమవుతుంది?"

అది ఆలోచిస్తోంది. ఎనిమిదో విజిల్ వచ్చింది. అత్తయ్య స్టవ్ కట్టేసి, "ఏమవుతుంది, ముద్దపప్పు అవుతుంది" అన్నారు.

నేను ముప్పై ఏళ్లుగా వెతుకుతున్న వాక్యం అది. ముద్దపప్పుకు పోపు పెట్టరు. మా అత్తయ్య దాంట్లో పసుపు కూడా వేయరు. డబ్బా తీసి, ఏడింటినీ చూసి, ఏమీ వేయకుండా మూత పెట్టేస్తారు. అంతమాత్రాన అది పోపు మరిచిపోయిన పప్పు కాదు, వేరే వంట. నెయ్యితో, ఆవకాయతో తింటాం. ఏమీ వేయకపోవడం కూడా వేయడంలో ఒక పద్ధతి. దాన్ని లెక్కలోంచి తీసేస్తే నూట ఇరవై ఏడే మిగులుతాయి, ముద్దపప్పుకు చోటు లేకుండా పోతుంది.

నాకు అప్పటిదాకా ఉపసమితి అంటే ఒక వస్తువు. సమితిలోంచి కోసి తీసిన ముక్క. ముక్కంటే ఎంతో కొంత ఉండాలిగా, ఖాళీ ముక్క ఏమిటి? పొరపాటు అక్కడ ఉంది. ఉపసమితిని ముక్క అనుకోకూడదు, నిర్ణయం అనుకోవాలి. నిర్ణయానికి బరువు ఉండదు కాబట్టి అన్నిటికీ వద్దన్నది కూడా, అన్నిటికీ సరేనన్నంత నిండుగా ఉంటుంది.

మా అమ్మాయి అంత సులువుగా లొంగదు. "ముద్దపప్పు బాగానే ఉంది. కానీ సబ్‌సెట్ అంటే ఇందులో ఉన్నవన్నీ అందులో ఉండాలని కదా డెఫినిషన్? అసలు ఏమీ లేనప్పుడు 'ఉన్నవన్నీ' ఏంటి?"

మంచి ప్రశ్న. దానికి వంటింట్లో సమాధానం లేదు, కోర్టులో ఉంది. "మనింట్లో ఉన్న ఏనుగులన్నీ తెలుగు మాట్లాడతాయి" అన్నాను.

"అబద్ధం."

"అయితే సాక్షిని తీసుకురా. తెలుగు రాని ఏనుగును ఒక్కదాన్ని మనింట్లోంచి పట్టుకొచ్చి చూపించు."

అది నవ్వేసింది. 'అన్నీ' అనే మాటను ఓడించాలంటే ఒక్క ఎదురుసాక్షి కావాలి. శూన్య సమితిలోంచి సాక్షిని తేలేం. లోపలున్నదేదో పెద్ద సమితిలో లేదని చూపించాలి కదా, లోపల ఏమీ లేదు. కాబట్టి ఆ వాక్యం ఎప్పటికీ ఓడదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు వెక్కిరించారు గానీ, తర్కం దృష్టిలో ఆ ఇంట్లోని కొడుకులందరి పేరూ సోమలింగమే. రామలింగమన్నా ఒప్పుకోవాల్సిందే. ఈ గొడవలో సామెత వైపు ఉండాలో తర్కం వైపు ఉండాలో నాకు ఇప్పటికీ తేలలేదు. పరీక్షలో మాత్రం తర్కం వైపు ఉండమని చెప్పాను.

ఈ ఖాళీ సంగతి మన పెద్దలు ఏం చేశారన్నది నాకు ఇంకా సరదాగా ఉంటుంది. ఉగాది పచ్చడి ఆరు రుచులది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఈ ఆరింటిని రకరకాలుగా కలిపితే ఎన్ని కలయికలు వస్తాయో ఆయుర్వేదం ఎప్పుడో లెక్క కట్టింది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో దానికి ఒక అధ్యాయమే ఉంది. ఒంటరివి ఆరు, జంటలు పదిహేను, మూడేసి ఇరవై, నాలుగేసి పదిహేను, అయిదేసి ఆరు, అన్నీ కలిసింది ఒకటి. మొత్తం 63. రెండును ఆరుసార్లు హెచ్చిస్తే 64 కదా, ఒకటి ఏమైంది? ఏ రుచీ లేనిది. వైద్యుడు దాన్ని వదిలేశాడు. ఏ రుచీ లేని మందు ఆయనకు దేనికి? మా అమ్మాయి పదిహేను రాయడంలోనూ ఇదే న్యాయం. అది వైద్యుడిలా లెక్కపెట్టింది.

ఛందస్సు లెక్కపెట్టినవాళ్లు ఆ ఒక్కదాన్ని వదల్లేదు. "యమాతారాజభానసలగం" అని తెలుగు పీరియడ్‌లో పాడించినప్పుడు ఎనిమిది గణాలొచ్చాయి. మూడు అక్షరాల చోట్లు. ఒక్కో చోట గురువు పెట్టాలా వద్దా? రెండు, నాలుగు, ఎనిమిది. మూడు చోట్లా గురువు పెడితే మ గణం, సమితి అంతా వచ్చేసినట్టు. మొదటి చోట మాత్రమే పెడితే భ గణం, మధ్యలో జ గణం, చివర స గణం. ఎక్కడా గురువు పెట్టకపోతే? మూడూ లఘువులే. న గణం. శూన్య సమితికి మన ఛందస్సు పెట్టిన పేరు 'న' అని ఆ సాయంత్రం నాకు మొదటిసారి తట్టింది. 'న' అంటే సంస్కృతంలో 'లేదు' అన్న సంగతి కాకతాళీయమే, దాన్ని పెద్దది చేయను. కానీ చంపకమాల న గణంతోనే మొదలవుతుందని గుర్తొస్తే ముచ్చటేసింది. కవి ఏమీ వేయకుండానే పద్యం ఎత్తుకుంటాడు. ఒకే బడిలో ఒక పీరియడ్ తేడాతో ఈ రెండు పాఠాలూ విన్నాను. తెలుగు మాస్టారు గాని, లెక్కల మాస్టారు గాని రెండో గదిలో ఏం జరుగుతోందో చెప్పలేదు. వాళ్లకు మాత్రం ఎవరు చెప్పారు?

మా అమ్మాయి ఖాళీ సమితి గుర్తును 'ఫై' అంటుంది. మేమూ అలాగే అనేవాళ్లం. నిజానికి అది గ్రీకు ఫై కాదు. సున్నాకు అడ్డంగా గీత కొట్టినట్టుండే ఆ అక్షరం నార్వే భాషది. 1930ల చివర్లో బూర్బకీ అనే ఉమ్మడి కలం పేరుతో పుస్తకాలు రాసిన ఫ్రెంచి గణితవేత్తల్లో ఆంద్రే వేయ్ ఒకరు. నార్వే అక్షరాలు తెలిసింది తనకొక్కడికే కాబట్టి ఆ గుర్తు ఎంపిక తనదేనని ఆయనే రాసుకున్నారు. అంతకుముందు, ఇరవై మూడేళ్ల వయసులో, ఆయన మన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ప్రొఫెసర్‌గా వచ్చి సుమారు రెండేళ్లు పాఠాలు చెప్పారు. సున్నా పుట్టిన దేశంలో ఉండి వెళ్లినాయన శూన్యానికి నార్వే నుంచి అక్షరం అరువు తెచ్చుకున్నాడు.

అసలు సమితులు ఇంతగా మన పిల్లల నెత్తికెక్కడానికి రష్యావాళ్లు కూడా కొంత కారణం. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికా కంగారుపడి బడి లెక్కల్ని తిరగరాసింది. 'కొత్త గణితం' పేరుతో చిన్న తరగతుల్లోకి సమితులు దిగాయి. ఆ గాలి తర్వాత ఎన్నో దేశాలకు వీచింది. అంత దూరం నుంచి వచ్చిన పాఠం మా పోపుల డబ్బా పక్కన ఆగింది.

మొదలుపెట్టినాయన మాత్రం బడిపిల్లల కోసం పెట్టలేదు. గేయోర్గ్ కాంటర్, 1845లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి, జర్మనీలో హాలె అనే ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూ, బెర్లిన్‌లో ఉద్యోగం కోసం ఆశపడి, అది దొరకకుండానే 1918లో హాలెలోనే ఒక శానటోరియంలో పోయాడు. అనంతాలన్నీ ఒకటే పరిమాణం కావని చెప్పినందుకు ఆయన పడ్డ మాటలు తక్కువ కాదు. ఆయన 1891లో చూపించిన ఒక ఉపాయం ఉపసమితుల గురించే. ఏ సమితికైనా మూలకాల కంటే ఉపసమితులే ఎక్కువ, మూలకాలు అనంతంగా ఉన్నా సరే.

ఇది చెప్పడానికి వాట్సాప్ కంటే మంచి సాధనం లేదు. మా అత్తవారి వైపు పెద్దవాళ్లం పదిమందిమి. పదిమందిలోంచి పెట్టగల గ్రూపులు, ఒంటరి గ్రూపులూ ఖాళీ గ్రూపూ కలిపి, 1024. వాటిలో ఎన్ని నిజంగా ఉన్నాయో నాకు తెలియదు. నేను లేనివి కొన్ని ఉన్నాయని మాత్రం తెలుసు. అలా ఎవరో ఒకరు తగ్గినవాటిని గణితం 'నిజ ఉపసమితులు' అనొచ్చుగాక, నాకు వేరే మాటలు తోస్తాయి.

సరే, కాంటర్ ఉపాయం. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో గ్రూపు పెట్టామనుకుందాం. తన పేరున్న గ్రూపులో తను ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇప్పుడు తమ పేరున్న గ్రూపులో తాము లేని పాపం మనుషులందరినీ చేర్చి ఇంకో గ్రూపు పెడదాం. దీనికి ఎవరి పేరు? చిన్న మామయ్య పేరు అన్నామనుకోండి. ఆయన అందులో ఉన్నారా? ఉంటే, తన పేరున్న గ్రూపులో తానున్నట్టే, కాబట్టి ఇందులో ఉండకూడదు. లేకపోతే, తన పేరున్న గ్రూపులో తను లేనట్టే, కాబట్టి ఇందులో ఉండాలి. ఉంటే ఉండకూడదు, లేకపోతే ఉండాలి. చిన్న మామయ్య పేరు కుదరదు, ఎవరి పేరూ కుదరదు. అంటే ఎంతమంది ఉన్నా పేర్లకు అందని గ్రూపు ఒకటి మిగిలే ఉంటుంది. మనుషులు పదిమందైనా, అంతులేనంత మందైనా ఇదే తంతు. బంధువర్గం ఎంత పెద్దదైనా గ్రూపులు దాన్ని మించుతాయన్నమాట.

మా అమ్మాయి దీన్ని రెండుసార్లు చెప్పించుకుంది. రెండోసారి మధ్యలో నేనే తప్పిపోయి, అది సరిదిద్దింది. వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేయకుండా వదిలేశానని అప్పుడు చూసుకున్నాను. నల్లబడ్డాయి.

తర్వాత అది కొత్త పేజీ తిప్పి లెక్క ఫెయిర్ చేయడం మొదలుపెట్టింది. ఇందాకటి పదిహేనూ అలాగే ఉంచి చివర పదహారోది చేరుస్తుందనుకున్నాను. చేర్చలేదు. మొదటి వరసలోనే రెండు ఫ్లవర్ బ్రాకెట్లు ఎదురెదురుగా గీసి, కామా పెట్టి, తర్వాతిదానికి వెళ్లింది.

అత్తయ్య పప్పు గిన్నె బల్ల మీద పెట్టబోతూ దాని భుజం మీదుగా వంగి చూశారు.

"ఇదేంటే, లోపల రాయడం మర్చిపోయావు?"

"మర్చిపోలేదు నానమ్మా," అంది తలెత్తకుండానే. "నువ్వు చేతిలో పట్టుకున్నదే అది."

అత్తయ్య గిన్నెలోకి ఒకసారి, పుస్తకంలోకి ఒకసారి చూసి, నెయ్యి గిన్నె కోసం లోపలికి వెళ్లారు.